ఉక్కుపలక మీద కెనడా

ఒకే ఒక నీలిసిరాతో, బొటనవ్రేలంత కాగితపు ముక్కమీద, గాలికి ఉబ్బిన తెరచాపలను, వాని మడతలలోని నీడలను, నురుగు కక్కు అలలను, ఆ అలలమీద ఒక ప్రక్కకు ఒరిగి పరుగిడు ఓడను చూపవచ్చునని, అందులకు గీతలు తప్ప వేఱొక సాధనము అక్కఱలేదని ఎవరేని చెప్పినచో నమ్ముట కష్టము. నమ్మదలచినవారు 1929వ సంవత్సరము జనవరి 8వ తేదీన కెనడా తపాలాశాఖ వెలువరించిన యాబది సెంట్ల బిళ్లను భూతద్దము క్రింద నుంచి చూడవలెను. నోవాస్కోషియా తీరమునందలి లూనెన్‌బర్గ్ పట్టణమున 1921లో నీటిలోనికి దిగి, చేపలవేటకును పందెములకును పేరువడసిన ‘బ్లూనోజ్’ అను ఓడ ఆ బిళ్లమీద రెండు రూపములలో కనబడును. ముందున్నదియు వెనుకనున్నదియు ఒకే ఓడ. వాలెస్ మెకాస్కిల్ తీసిన ఛాయాచిత్రములను ఆధారము చేసికొని అట్లు కూర్చిరి. చీకటి కావలసినచోట గీతలు దగ్గఱపడినవి, వెలుగు కావలసినచోట ఎడమైనవి, మిక్కిలి వెలుగు కావలసినచోట కాగితమును కాగితముగానే విడిచిపెట్టినారు. వాడని బిళ్లమీద వ్రేలికొనను మెల్లగా నడిపించినచో సిరా సన్నని గట్లుగా నిలిచియున్న సంగతి చర్మమునకే తెలియును.

ఇంతటి సొగసునకు మూలకారణము దొంగనోట్ల భయమనినచో పాఠకులు ఆశ్చర్యపడవచ్చును; కాని కెనడా తపాలాబిళ్లల ముద్రణ చరిత్రను మొదటినుండి పరికించినవారికి ఇందు సందేహము మిగులదు. తపాలాబిళ్ల చూచుటకు బొమ్మ యైనను, ప్రభుత్వము దృష్టిలో అది రొక్కము. రొక్కమును అచ్చువేయు పనిని ఏ ప్రభుత్వమును పుస్తకములు అచ్చువేయువానికి అప్పగింపదు. బ్యాంకునోట్లు అచ్చువేయువానికే అప్పగించును. కెనడా చేసినదియు అదియే. నూఱేండ్లకు పైగా ఆ దేశపు బిళ్లలను చెక్కినవారు నోట్లను చెక్కిన చేతులవారే. వారు అందముకొఱకు చెక్కలేదు, అనుకరింప సాధ్యముకాకుండుటకై చెక్కిరి. మఱియొకనిచేత కానంత సూక్ష్మముగా చెక్కవలెనను పట్టుదలనుండి అందము తనంతట తాను పుట్టినది.

బీవరు ముద్దుబిడ్డ

1851వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన నాటి కెనడా సంస్థానము, అనగా నేటి ఒంటారియో, క్విబెక్కు ప్రాంతములలోని దక్షిణభాగములు, బ్రిటిషు వారి చేతినుండి తపాలా పాలనను స్వీకరించెను. అంతకు కొన్ని వారములకు పూర్వము, ఫిబ్రవరి 24వ తేదీ ఉదయమున, టొరంటోలోని ఒక హోటలునందు ఫలాహారవేళ, పోస్టుమాస్టరు జనరలు జేమ్స్ మోరిస్‌ను ఇరువదినాలుగేండ్ల యువకు డొకడు కలిసికొనెను. స్కాట్లండునుండి వచ్చి భూమి కొలతల పనిలో కుదురుకొనుచుండిన ఆ యువకుని పేరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్. తరువాతి కాలమున ఖండమును దాటు రైలుమార్గములకును, ప్రపంచమంతటికిని ఒక క్రమమైన కాలమానము ఉండవలెనను వాదమునకును ఇతని పేరే ముడివడినది. కొత్త బిళ్లకు బొమ్మ గీయుమని మోరిస్ కోరెను. రాజులయొక్కయు రాణులయొక్కయు శిరస్సులు, రాజచిహ్నములు, అంకెలు తప్ప తపాలాబిళ్లమీద మఱియొకటి ఉండరాదని లోకమంతయు తలచుచుండిన ఆ దినములలో ఫ్లెమింగు ఏటిగట్టున కూర్చున్న బీవరు అను జంతువును గీసెను. దాని తోలుకొఱకు సాగిన వర్తకముమీదనే ఆ దేశమునకు యూరపువారి రాకపోకలు పెరిగినవి గనుక ఎంపిక సమంజసమే. ఏప్రిల్ 23వ తేదీన వెలువడిన ఆ మూడు పెన్నీల ఎఱ్ఱని బిళ్ల, ప్రభుత్వ తపాలాబిళ్లమీద జంతువునకు పెద్దపీట దొరకిన తొలి సందర్భమని సేకర్తలు చెప్పుకొందురు.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఫ్లెమింగునకు రాతి అచ్చు, అనగా లితో, స్వయముగా తెలియును. పట్టణముల పటములను రాతిమీద తానే గీసి అచ్చొత్తించిన అనుభవము అతనికుండెను. ఐనను తన బీవరును రాతిమీద అచ్చువేయవచ్చునన్న ఆలోచన చెల్లుబడి కాలేదు. రాతి అచ్చు చౌక. చౌకగా అచ్చగునది చౌకగా దొంగిలింపబడును. కెనడాలో అప్పటికి ఉక్కుచెక్కడపు అచ్చునకు తగిన సంస్థ లేకపోవుటచే పని న్యూయార్కునకు పోయెను. రాడన్, రైట్, హాచ్ అండ్ ఎడ్సన్ అను పొడుగాటి పేరుగల ఆ సంస్థ నోట్లు చెక్కుటలో ఆరితేరినది. 1847లో అమెరికా దేశపు తొలి సార్వత్రిక తపాలాబిళ్లలను అచ్చువేసినదియు అదియే.

వారి పద్ధతిని కొంచెము నిదానముగా చూచుట మంచిది, ఏలయన తరువాత వచ్చిన మార్పులన్నియు దీనితో పోల్చినప్పుడే అర్థమగును. మొదట మెత్తని ఉక్కుదిమ్మె నొకదానిని నునుపుచేసి, దానిమీద చెక్కుడుపనివాడు వాడి ములుకుతో బొమ్మను కుడిఎడమలు తారుమారుగా, బిళ్ల ఎంత ఉండునో అంతే పరిమాణమున చెక్కును. ఒక ముఖము చెక్కుటకు వారములు పట్టును. చేయి ఒక్కమాఱు జాఱినచో సరిదిద్దుట దుర్ఘటము. చెక్కడము ముగిసినపిదప ఆ దిమ్మెను కాల్చి చల్లార్చి వజ్రసదృశముగా గట్టిపఱతురు. దానిమీద మెత్తని ఉక్కుతో చేసిన చక్రమును గొప్ప ఒత్తిడితో దొర్లించినప్పుడు, దిమ్మెలోని పల్లములు చక్రముమీద గట్లుగా పైకి లేచును. ఇక చక్రమును గట్టిపఱచి, పెద్ద ముద్రణపలకమీద దానిని వరుసగా, బిళ్లవెనుక బిళ్లగా నొక్కుచు పోవుదురు. ఒక్క చేతి చెక్కడము ఈ విధముగా పలకమీద నూఱు బిళ్లలై, రెండువందల బిళ్లలై, ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేకుండ నిలిచిపోవును. ఈ ఉపాయమును ప్రచారములోనికి తెచ్చినవాడు అమెరికాలో పుట్టి లండనులో స్థిరపడిన జేకబ్ పెర్కిన్స్. 1840లో ఇంగ్లండున పుట్టిన తొలి తపాలాబిళ్ల యైన పెన్నీ బ్లాకు ఈ మార్గముననే వచ్చినది. నోవాస్కోషియా, న్యూబ్రన్స్‌విక్కు సంస్థానములు తమ తొలి బిళ్లలకై పెర్కిన్స్ పేరిట లండనులో నడచు సంస్థనే ఆశ్రయించినవి.

అచ్చువేయువేళ పలకమీద సిరాను దట్టముగా పులిమి, గుడ్డతోను అరచేతితోను పైపై సిరాను తుడిచివేయుదురు. పల్లములలోని సిరా మాత్రము నిలుచును. తడిపి మెత్తపఱచిన కాగితపు తావును దానిమీద పఱచి యంత్రముతో అదిమినప్పుడు, కాగితము ఆ పల్లములలోనికి దిగి సిరాను పైకి ఎత్తుకొనివచ్చును. ఇందుచేతనే సిరా గట్లుగట్టి వ్రేలికి తగులును. చక్రమును పలకమీద నొక్కునప్పుడు సరిగా కూర్చుండకపోయి మఱల నొక్కినచో, మొదటి గీతల ప్రక్కనే రెండవ గీతలు నీడలవలె కనిపించును. దీనిని సేకర్తలు ‘రీఎంట్రీ’ అందురు. పనివాని లోపమునకు ఇంత గౌరవము దొరకు వృత్తి మఱియొకటి ఉన్నదో లేదో గాని, ఈ జంటగీతల బిళ్లలకు మామూలువానికంటె వెల హెచ్చు.

ఆ సంవత్సరమే జూన్ 14వ తేదీన వెలువడిన పండ్రెండు పెన్నీల నల్లబిళ్లను చూడని సేకర్తయు దానినిగూర్చి మాటలాడక మానడు. ఆల్‌ఫ్రెడ్ షాలన్ చిత్రించిన యౌవనవతియైన విక్టోరియా రాణి రూపము దానిమీద చెక్కబడినది. పలుచోట్ల షిల్లింగు విలువ పలువిధములుగా ఉండుటచేత షిల్లింగు అని వ్రాయక పండ్రెండు పెన్నీలని వ్రాసిరని చెప్పుదురు. 51,000 బిళ్లలు అచ్చువేయగా 1,450 మాత్రమే అమ్ముడుపోయినవి. అంత పెద్ద వెలగల బిళ్లతో జనులకు పనిలేకపోయినది. మిగిలినవానిని 1857లో నాశనము చేసిరి. ఆనాడు తపాలా గుమాస్తాకు అడ్డుగా తోచిన ఆ కట్టలు ఈనాడు కెనడా బిళ్లలన్నిటిలోను మిక్కిలి కోరదగిన వానిలో చేరినవి.

తొలిబిళ్లలకు చారలు కనిపించు కాగితమును వాడిరి. పిమ్మట చారలులేని నేతకాగితమునకు మారిరి. అంచులకు చిల్లులు లేవు. గుమాస్తా కత్తెరతోనో కత్తితోనో విడదీసి ఇచ్చుచుండెను. అతని చేతినేర్పునుబట్టి కొన్ని బిళ్లలకు నలుప్రక్కల తెల్లని అంచు మిగిలినది, కొన్నిటికి రాణిగారి చెక్కిలియే తెగినది. 1858 ప్రాంతమున చిల్లులు వచ్చినవి. 1859 జూలైలో పెన్నీలు పోయి సెంట్లు వచ్చినపుడు బీవరు అయిదు సెంట్ల బిళ్లపై కొనసాగెను. న్యూయార్కు సంస్థ అంతకు ఒక ఏడాది పూర్వమే మఱికొన్ని సంస్థలతో కలిసి అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీగా మారియుండెను.

స్వదేశపు అచ్చు

1867 జూలై 1న సంస్థానములు కలిసి డొమినియను ఏర్పడినది. కొత్త ప్రభుత్వము తన నోట్లు, బిళ్లలు పరదేశములో అచ్చగుట తగదని తలచెను. అంతకు ముందు ఏడాదియే పుట్టిన బ్రిటిష్ అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీకి పని దక్కెను. 1868లో వెలువడిన పెద్ద రాణి బిళ్లలు కెనడా గడ్డమీద కెనడాకొఱకు అచ్చైన తొలి వరుస. కాగితము ఎక్కువ పట్టుచున్నదని కాబోలు, 1870లో రాణి ముఖమును చిన్నది చేసిరి. ఈ చిన్నరాణి వరుస 1897 దాక, అనగా ఇరువదియేడేండ్లు, నిలిచెను. అచ్చుపని మొదట ఒట్టావాలోను, పిమ్మట మాంట్రియల్‌లోను, మరల ఒట్టావాలోను సాగెను. ఊరు మారినప్పుడెల్ల కాగితము, సిరా, చిల్లుల లెక్క మారినవి. ముఖము ఒకటియే, పలకలును దాదాపు ఒకే జాతివి. ఐనను మూడు సెంట్ల బిళ్లను పది ఒకచోట పఱచినచో పది ఎఱుపులు కనిపించును. ఇటుకరంగునుండి గులాబివఱకు, గులాబినుండి సింధూరమువఱకు. అచ్చుకూటములోని ప్రతి సిరాపిడత తనకు తోచిన రంగును ఇచ్చినట్లు ఉండును.

1897లో కాంట్రాక్టు అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ చేతికి మారెను. ఆ సంస్థ ఒట్టావాలో శాఖ తెఱచి అచ్చటనే పని చేసెను. రాణి వజ్రోత్సవమునకు అరసెంటునుండి అయిదు డాలర్లవఱకు పదియాఱు విలువలలో బిళ్లలు వచ్చినవి. అయిదు డాలర్లు తపాలాకు కట్టు ఉత్తరము ఆ కాలమున ఎవరు వ్రాసిరో దేవుడెఱుగును. సేకర్తల సంచులను ప్రభుత్వము ఖాళీ చేయించుచున్నదని నాడు కలిగిన గుసగుస నిరాధారమని చెప్పజాలము.

మరుసటియేట, 1898 డిసెంబరు 7న, పోస్టుమాస్టరు జనరలు విలియమ్ మ్యూలాక్ వెలువరించిన రెండు సెంట్ల పటపుబిళ్ల ముద్రణ దృష్ట్యా ఒక సాహసము. సామ్రాజ్యములోని పలుభాగములలో ఒకే చౌకధర అమలులోనికి వచ్చు సందర్భమది. క్రిస్మసు 1898 అను మాట బిళ్లమీదనే ఉన్నది. ప్రపంచపటము, అందు బ్రిటిషు రాజ్యములన్నియు ఎఱ్ఱగా ఉండవలెను, సముద్రము వేఱొక రంగులో ఉండవలెను, అంచులు అక్షరములు నల్లగా ఉండవలెను. ఉక్కుచెక్కడముతో మూడురంగులు వేయుట మహావ్యయము. కావున నల్లని భాగమును ఉక్కుపలకతో అచ్చువేసి, రంగులను పుస్తకములు అచ్చువేయు ఎత్తుబిళ్లల పద్ధతిలో, అనగా లెటర్‌ప్రెస్సు పద్ధతిలో అద్దిరి. ఒక్కొక్క తావు మూడుమాఱులు యంత్రము క్రిందికి పోవలెను; మూడుమాఱులును సరిగా ఒకేచోట కూర్చుండవలెను.

అది కూర్చుండలేదు. ఇదియే ఈ బిళ్లలోని వినోదము. సముద్రము కొన్నిటిలో లేతవంగపండు రంగు, కొన్నిటిలో నీలము, కొన్నిటిలో పచ్చనీలము. ఎఱుపు ముద్ర ఒక వెంట్రుక తప్పినచో రాజ్యములు నీటిలోనికి దిగును, లేని ద్వీపములు పుట్టును. పలకమీద చేరిన ధూళికణ మొకటి సముద్రమధ్యమున సామ్రాజ్యమునకు కొత్తగా ఒక చుక్కభూమిని సంపాదించిపెట్టును. మన భారతదేశమును ఆ ఎఱుపులో చేరినదే. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు, ఎవరును అడుగకయే, కెనడావారి క్రిస్మసు కానుకమీద సూదిమొనంత ఎఱుపుగా అచ్చైనవి. సామ్రాజ్యవైశాల్యమునుగూర్చి గర్వించు ఒక కవిత్వపు పంక్తి క్రింద వెలిసినది. ముద్ర తప్పిన బిళ్లలలో ఆ ఎఱుపు బంగాళాఖాతములోనికి జాఱియుండుట చూచి నవ్వుకొనుటకు మనకు హక్కు కలదు.

రాతి అచ్చును కెనడా ఏల దూరముంచినదో తెలిసికొనుటకు ప్రక్కనున్న న్యూఫౌండ్‌లాండును చూచిన చాలును. 1949వఱకు అది వేఱు పరిపాలన. 1910లో జాన్ గై వలసస్థాపన త్రిశతోత్సవమునకు అచ్చటివారు లండనులోని వైట్‌హెడ్, మోరిస్ సంస్థచేత రాతి అచ్చున బిళ్లలు వేయించిరి. గీతలు మొద్దుబాఱినవి, ముఖములు మసకబాఱినవి. ఒక సెంటు బిళ్లలో కొన్నిటిమీద ‘న్యూ’ అను మాటలోని అక్షరము తప్పి ‘ఎన్ ఎఫ్ డబ్ల్యు’ అని పడినది. ఆఱు సెంట్ల బిళ్లలో ‘జెడ్’ అను అక్షరము తిరగబడి నిలిచినది. కొన్ని విలువలను మరుసటియేట చెక్కడపు పలకలతో మరల అచ్చువేయింపవలసి వచ్చెను. పొదుపు చేయబోయి రెండుమాఱులు ఖర్చుపెట్టిన ప్రభుత్వములు న్యూఫౌండ్‌లాండులోనే ఉన్నవా యేమి!

తడిసిన కాగితము, ఎండిన కాగితము

అయిదవ జార్జి నౌకాధిపతి వేషముననున్న వరుస 1911లో మొదలై 1928వఱకు నడచెను. వేషమునుబట్టి దీనిని ‘అడ్మిరల్’ అందురు. బొమ్మ మామూలుదే, కాని కాగితము దీనిలో ఒక చరిత్ర చెప్పును. చెక్కడపు అచ్చునకు కాగితమును తడుపవలెనని పైన చెప్పితిమి. తడిసిన కాగితము ఉబ్బును, అచ్చైన పిదప ఎండి ముడుచుకొనును. ముడుచుకొనునప్పుడు దానిమీది బొమ్మయు ముడుచుకొనును. 1922 చివరను, తడుపకయే అచ్చువేయగల ఏర్పాటు అమలులోనికి వచ్చెను. పొడికాగితము ముడుచుకొనదు గనుక అదే పలకమీది అదే రాజు ఇప్పుడు కొంచెము వెడల్పైనాడు. మిల్లీమీటరులో పావువంతో సగమో తేడా. కాని ఒక తడి బిళ్లను నిలువుగా కత్తిరించి పొడిబిళ్లమీద నుంచినచో అంచున పొడిబిళ్ల కొంచెము బయటికి కనబడును. వెనుకవైపున తడిబిళ్లకు జిగురు పసుపుచాయగాను, పొడిబిళ్లకు తెల్లగాను ఉండుట కూడ గుర్తు. అచ్చుకూటములోని ఒక తొట్టె నీరు ఆగిపోయిన కాలము, కాలెండరు చూడకయే, కొలబద్దతో తేల్చవచ్చును.

1923లో అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ యొక్క ఒట్టావా శాఖ పేరు మార్చుకొని కెనడియన్ బ్యాంక్ నోట్ కంపెనీ యయ్యెను. మొదట చెప్పిన నీలి ఓడ దీని చేతిపనియే. దానిలోనొక విశేషము సేకర్తలలో ప్రసిద్ధము: పలకలోని ఒక చిన్న చుక్కవలన ఓడస్తంభముమీద మనుష్యు డెక్కి కూర్చున్నట్లు ఒక బిళ్లలో కనబడును, దానికి ‘కొయ్యెక్కిన మనిషి’ అను అర్థమున పేరు పెట్టిరి. అట్లే 1935లో జార్జి రజతోత్సవపు ఒక సెంటు బిళ్లమీద బాలికయైన ఎలిజబెత్తు కంటిక్రింద పలకలోని గీటు ఒకటి కన్నీటిబొట్టుగా పడి, ‘ఏడ్చు రాకుమారి’ అను పేరు తెచ్చుకొన్నది. ఆమెకు అప్పటికి తొమ్మిదేండ్లు.

1930లో కాంట్రాక్టు మరల బ్రిటిష్ అమెరికన్ సంస్థకు పోవుటయు, పలకను స్తంభముచుట్టు వంచి అచ్చువేయు రోటరీ యంత్రములు పనిలోనికి వచ్చుటయు, అమ్మకపు యంత్రములకై చుట్టలుగా చుట్టిన బిళ్లలు పెరుగుటయు యంత్రకళకు వైభవములే గాని, కంటికి చెప్పుకోదగినంత మార్పును తేలేదు. ఏకవర్ణము, ఉక్కుగీత, బ్యాంకునోటు మర్యాద; వానితోనే రెండవ యుద్ధమును దాటి 1950 దశకమువఱకు కెనడా నిశ్చింతగా సాగెను.

నిశ్చింతను చెదఱగొట్టినది ఒక తలక్రిందుల తావు. 1959 జూన్ 26న సెయింట్ లారెన్స్ జలమార్గము ప్రారంభమైన నాడు, అమెరికా, కెనడాలు ఒకే బొమ్మతో, ఎవరి బిళ్ల వారు అచ్చువేసికొని, వెలువరించిరి. కెనడా బిళ్లకు ఎఱుపు, నీలము అను రెండు రంగులు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క దఫా. మొదటిరంగు పడి ఎండిన తావులలో కొన్ని రెండవదఫాలో తలక్రిందులుగా యంత్రములోనికి పోయినవి. ఎవరును గమనింపలేదు; లెక్కించి కట్టకట్టి పంపినవి. ఆగస్టులో విన్నిపెగ్ నగరమున కొన్నవారు బొమ్మకు అక్షరములు ఎదురుతిరిగియున్నవని కనుగొనిరి. సుమారు నాలుగువందల బిళ్లలు బయటపడినవి. నోట్లు అచ్చువేయు కట్టుదిట్టములన్నియు, లెక్కలు, తనిఖీలు, తాళపుగదులు, ఒక పనివాని అలసిన కన్నును అడ్డగింపలేకపోయినవి.

కాగితముపై వెలుగు

ఆ విన్నిపెగ్‌లోనే 1962 జనవరి 13న మఱియొక మార్పు వచ్చెను. ఇది మామూలు కంటికి కనబడదు. ఉత్తరములు పెరిగినవి, ముద్రవేయు చేతులు చాలలేదు. ఉత్తరమును తిప్పి, బిళ్ల ఎచ్చటనున్నదో వెదకి, దానిమీద ముద్ర వేయు యంత్రమును తెచ్చిరి. యంత్రమునకు రాణి ముఖము తెలియదు. దానికి తెలిసినది వెలుగు. కావున బిళ్లలమీద ఫాస్ఫరపు పట్టెలు అద్దిరి. అతినీలలోహిత కిరణము తగిలినప్పుడు అవి మెఱయును, ఆ మెఱుపునుబట్టి యంత్రము బిళ్లను పట్టుకొనును. 1972నుండి ఒట్టావాలో వాడిన ఒక రసాయనము మెఱయుట మాత్రమేగాక పాకుట కూడ నేర్చినది. ఆల్బములో ప్రక్కబిళ్లలోనికి, కవరులోనికి, అట్టలోనికి పసుపుగా వ్యాపించెను. దానిని త్వరలోనే మార్చివేసిరి గాని, ఆ కాలపు బిళ్లలను ఇంకను విడిగా దాచువారు కలరు.

ఈలోపున రంగులు వచ్చినవి. రాతికి బదులు లోహపుఱేకు, దానినుండి రబ్బరుదుప్పటి, దానినుండి కాగితము: ఆఫ్‌సెట్టు అను పేర రాతి అచ్చు పద్ధతియే కొత్త జన్మమెత్తెను. టొరంటోలోని యాష్టన్-పాటర్ సంస్థ 1970 దశకమున వరుసగా బహువర్ణపు బిళ్లలను అచ్చువేసెను. 1972నాటి ప్రకృతిదృశ్యముల వరుసలో బ్రిటిష్ అమెరికన్ సంస్థ ఫోటోగ్రావూరును, చెక్కడమును ఒకే బిళ్లపై కలిపెను. ఇదియొక మంచి సంధి, రంగు రంగుపని చేసెను, గీత గీతపని చేసెను. కాని సంధులు ఎక్కువకాలము నిలువవు. నాలుగు సిరాల చుక్కలతో పక్షిని, పూవును, హాకీ ఆటగానిని, చిత్రపటమును యథాతథముగా చూపవచ్చునన్నపుడు, వారములకొలది దిమ్మెముందు వంగి కూర్చుండు మనుష్యునికి జీతము ఎవరిత్తురు? ఒక్కడే వందకు పైగా కెనడా బిళ్లలను చెక్కిన ఈవ్ బారీల్ వంటివారి పని, పెద్దవెలల బిళ్లలకును, ఉత్సవపు బిళ్లలకును మాత్రమే పరిమితమాయెను. 1997లో వెలువడిన ఎనిమిది డాలర్ల గ్రిజ్లీ ఎలుగుబంటి బిళ్ల అట్టిది. ఆఫ్‌సెట్టు రంగుమీద చెక్కిన గీతలు కలిసియున్నవి, వెండ్రుకలను వ్రేలితో తడవి చూడవచ్చును.

నా అభిప్రాయము నడిగినచో, ఆఫ్‌సెట్టు రంగులు బిళ్లకు ప్రపంచమంతటిని ప్రసాదించి దాని శరీరమును మాత్రము తీసికొనిపోయినవి. చుక్కలబొమ్మను భూతద్దములో చూచినచో బొమ్మ మాయమై చుక్కలు మిగులును. చెక్కిన బొమ్మను భూతద్దములో చూచినచో బొమ్మ ఇంకను పెరుగును. కొందఱు ఈ మాటను ముసలివారి గొణుగుడని కొట్టివేయుదురు, కొట్టివేయనిండు. ఐనను న్యాయముగా ఒప్పుకొనవలసిన దొకటి కలదు: ఏకవర్ణపు ఉక్కుబిళ్ల రాజులకును, ఓడలకును, వంతెనలకును తగినంతగా బాలల చిత్రములకును, పండుగల వెలుగులకును తగదు. 2017 సెప్టెంబరు 21న కెనడాయును భారతదేశమును కలిసి దీపావళి బిళ్లలను వెలువరించినప్పుడు ప్రమిదల జ్వాల పసుపులోను, కాషాయములోను, ఎఱుపులోను వెలుగుట చూచిన టొరంటో తెలుగువారికి ఉక్కుగీతల విచారము కలిగియుండదు. 2020నుండి ఏటేట దీపావళి బిళ్లను కెనడా పోస్టు వెలువరించుచునేయున్నది.

పద్ధతుల వేగమునకు ఇక అంతు లేదు. 1989లో తడుపనక్కఱలేని, ఊడదీసి అంటించు బిళ్లలు పుస్తకములుగా వచ్చినవి. 1992 అక్టోబరు 1న అంతరిక్షపు జంటలో ఒకదానిమీద హోలోగ్రాము నిలిచినది. తిప్పినప్పుడు భూగోళము మీద నౌక కదలినట్లు కనబడును. దొంగ అచ్చుకు అందనిదే కావలెనను మొదటి పట్టుదల ఇచ్చట వేఱురూపమున మరల పుట్టినది. ఒట్టావాలో లో-మార్టిన్ సంస్థయు, కెనడియన్ బ్యాంక్ నోటు సంస్థయు ఈనాడును బిళ్లలు అచ్చువేయుచునేయున్నవి.

కెనడాలో బంధువులు గల పాఠకులకు ఒక విన్నపము. అచ్చటినుండి వచ్చు కవరుమీది కొత్తబిళ్లలకు వెనుకనున్న జిగురు నీటికి లొంగదు. పాతకాలపు అలవాటుచొప్పున నీళ్లపళ్లెములో వేసి ఊడదీయబోయినచో బిళ్ల చీలును, ఉబ్బును, చెడును. కత్తెరతో నాలుగువైపుల వ్రేలెడంత కాగితము విడిచి కత్తిరించి అట్లే దాచుకొనుడు. పాత కవరులు చేతికి వచ్చినచో వానిని కత్తిరింపనే వలదు. బిళ్ల, తేదీముద్ర, చిరునామా మూడును కలిసియున్నప్పుడే వాని విలువ యెక్కువ.